గేటుకు కొట్టిన ఊఁ

జహీరాబాద్,
సోమవారం

విరూపాక్ష సార్‌కు,

ఎదురింటి బస్వరాజ్ దండం పెట్టి రాసేది. ముందుగా నా రాతను మాఫీ చేయండి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మా ఊరి బడిలో నేర్చిన ఒత్తులు కొన్ని ఊళ్లోనే ఉండిపోయాయి. మీ ముందుకొచ్చి చెబుదామంటే నోరు రాదు. అందుకే ఈ ఉత్తరం మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నిన్న కాలనీ మీటింగులో గేటు కావాలని సగం మంది, వద్దని సగం మంది చేతులెత్తారు. మీరు నా వైపు తిరిగి, "నువ్వేమంటవు కాకా?" అన్నారు. నేను "ఊఁ" అన్నాను. "కాకా ఒప్పుకున్నడు!" అని మీరు అరిచారు, అందరూ చప్పట్లు కొట్టారు. సార్, నా ఊఁ అంటే వింటున్నాను, చెప్పండి అని. పెళ్లయిన నాటి నుంచి మా సుగుణమ్మకు ఊఁ కొడుతూనే ఉన్నాను. అవన్నీ ఒప్పుకున్నట్టే అయితే, ఈపాటికి నేను కాశీకి పోయొచ్చి, బీడీ మానేసి, మేడ మీద ఇంకో గది వేసి ఉండాలి.

నా ఫికర్ ఒక్కటే. బొంబాయి రోడ్డు మీద లారీ తోలి మానేసిన జబ్బార్ రోజూ సాయంత్రం మా అరుగు మీదికి వస్తాడు. ఆయన చాయ్ ఆయన తాగుతాడు, నా చాయ్ నేను తాగుతాను. మాటలుండవు. నాకున్న దోస్తు ఆయనొక్కడే. గేటు పెడితే ఆయనను ఆపుతారా?

ఇట్లు,
బస్వరాజ్

తా.క.: ఈ ఉత్తరం పంపాలా అని సుగుణమ్మను అడిగాను. "ఊఁ" అంది. అర్థం కాలేదు.

*

గౌరవ సభ్యులు శ్రీ బస్వరాజ్ గారికి,

తమరి "ఊఁ" మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. ఎక్కిన ఊఁ దిగదు. మా కొత్త నీలం బకెట్ పట్టపగలు మాయమైన సంగతి తమరికి తెలుసు. ఈ రోజు బకెట్, రేపు ఏమిటి? ఇకపై బయటివారు ఎవరొచ్చినా గేటు దగ్గర తమ పేరు, తండ్రి పేరు, వచ్చిన కారణం చిట్టీ మీద రాయాలి. జబ్బార్ గారైనా అంతే. "ఊరికే కూర్చోవడం" కారణంగా చెల్లదు.

భవదీయుడు,
విరూపాక్ష
కార్యదర్శి, కాలనీ సంక్షేమ సంఘం

తా.క.: అనుమానమని కాదు గానీ, జబ్బార్ గారింట్లో బకెట్ ఏ రంగు?

*

విరూపాక్ష సార్‌కు,

మీ రూల్ చదివాను, కడుపు నిండింది. దొంగ గేటు దాకా వస్తాడు. పేరు రాస్తాడు, తండ్రి పేరు రాస్తాడు, కారణం దగ్గర "బకెట్" అని రాసి సంతకం పెడతాడు. ఇంత తెలివి మా ఎదురింట్లోనే ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు.

అయితే రూల్ జర మెత్తగా ఉంది. బయటివాళ్లకే ఎందుకు? లోపలివాళ్లకూ చిట్టీ పెట్టండి. సెక్రటరీ గారితోనే మొదలుపెట్టండి. కాపలాకు జబ్బార్‌నే కూర్చోబెట్టండి. మీ కళ్లు ఆయన మీద ఉంటాయి, ఆయన కళ్లు బకెట్ల మీద ఉంటాయి.

ఇట్లు,
బస్వరాజ్

తా.క.: జబ్బార్ ఇంట్లో ఉన్నది ఎర్ర బకెట్. రంగు వేసి దాచాడేమో, పోయి గీకి చూడండి.

*

గౌరవ సభ్యులు శ్రీ బస్వరాజ్ గారికి,

తమరి అమూల్య సూచనలన్నీ సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. పెద్దలంటే తమరిలా ఉండాలి. తమరి అరుగు పక్కనే గేటు నిలబెట్టాం. జబ్బార్ గారు కాపలాకు సంతోషంగా ఒప్పుకున్నారు. "చెక్‌పోస్టుల కాడ జిందగీ అంతా నన్ను ఆపిన్రు సాబ్, ఇగ నా వంతు" అన్నారు. "రూల్ అందరికీ, సెక్రటరీతోనే మొదలు" అని బోర్డు కూడా రాయించాం.

భవదీయుడు,
విరూపాక్ష

తా.క.: ఎర్ర బకెట్ గీకి చూశాం. లోపల కూడా ఎర్రగానే ఉంది.

*

కాకా!

ఇది సంఘం ఉత్తరం కాదు, నా గోడు. నిన్న బజారుకు పోయాను. తిరిగొస్తే, చిట్టీ రాయనిదే జబ్బార్ గేటు తీయనన్నాడు.

"నేను సెక్రటరీని భాయ్!"

"అందుకే సాబ్. బోర్డు చూడున్రి, మీతోనే షురూ."

పేరు రాశాను. మా నాయన పేరు రాశాను. కారణం "ఇంటికి" అని రాస్తే, "ఇంట్ల ఏం పని?" అన్నాడు. చివరికి మా స్వప్నకు ఫోన్ చేసి, "ఈ సాబ్ మీ ఆయనేనా అమ్మా?" అని అడిగాడు. ఆమె సీరియల్ చూస్తూ "ఊఁ" అంది. జబ్బార్ ఫోన్ పెట్టేసి, "ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదంట సాబ్. బస్వరాజ్ భాయ్ చెప్పిండు" అన్నాడు. సీరియల్ అయిపోయేదాకా బయటే నిలబడ్డాను. వాడికి జర చెప్పు కాకా.

విరూపాక్ష

తా.క.: నువ్వు అరుగు మీద చాయ్ తాగుతూ అంతా చూసినవు. నాకు తెలుసు.

*

విరూపాక్ష సార్‌కు,

చూశాను. ఆ చాయ్ బాగా రుచిగా ఉంది. గేటు వద్దన్న నాదే తప్పు. ఇప్పుడు జబ్బార్ కుర్చీ మా అరుగు పక్కనే కదా, పొద్దున చాయ్ కూడా కలిసే తాగుతున్నాం. ఆయనను ఆపేవాడు లేడు. సార్‌ను వదిలెయ్యమని చెప్పాను. "ఊఁ" అన్నాడు.

ఇట్లు,
బస్వరాజ్

తా.క.: చాయ్‌లోకి అల్లం కోసం మా పెరట్లోకి పోతే మీ నీలం బకెట్ కనబడింది. నిండా అల్లమే. అల్లం పోసుకోమని స్వప్నమ్మే సుగుణమ్మకు ఇచ్చిందట. ఇచ్చిన రోజే మీకు చెప్పిందట కూడా. మీరు ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నారట. ఈ సంగతి మీటింగులో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా? జవాబు తొందరగా రాయండి. ఊఁ అని మాత్రం రాయకండి.