ఏకగ్రీవం చేయించిన నోరు

రేవుపాలెం కాపురస్తుడను, మైకుసెట్టు భీమరాజుగా అందరూ ఎరిగిన కొప్పిశెట్టి భీమరాజు అను నేను, వయస్సు డెబ్బై ఒకటి, గుండె నీరసించినా మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా. ఒత్తిడికి లొంగి చేసిన పనులు చాలానే ఉన్నాయి. ఇది వాటిలో చేరదు.

1. నా డాబా ఇల్లు, ఎనభై సెంట్ల కొబ్బరితోట నా ఏకైక కుమార్తె చిరంజీవి దుర్గాశ్రీకి చెందవలెను. మీ అమ్మ పచ్చడి జాడీలు ఎవరికీ పంచకమ్మా, అన్నీ నువ్వే ఉంచుకో.

2. సర్పంచి బుల్లిరాజుగారికి ఏమీ ఇవ్వడం లేదు. 2021 పంచాయతీ ఎన్నికల్లో తనను ఏకగ్రీవం చేస్తే గుడికి గాలిగోపురం కట్టిస్తానన్నారు. "పోటీ అంటే ఊరు చీలడమే, ఎదురు నిలిస్తే ఊరికి ద్రోహమే" అని మూడు రోజులు ఆటోలో తిరుగుతూ అరిచింది నేను. ఆ మాటలు నాకెవరూ రాసివ్వలేదు, నా సొంతం. జనం చప్పట్లు కొడుతుంటే పొంగిపోయాను. గోపురం లేచింది, గ్రామసభ ఆగిపోయింది. చెరువు వేలం గురించి అడిగినవాడు ద్రోహి, డ్రైను గురించి అడిగినవాడూ ద్రోహే అయ్యాడు.

3. అప్పుడు పోటీకి నిలిచింది ఒక్కరే, చేపలమ్ముకునే మల్లాడి సత్యకుమారి. నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజున ఆమె గుమ్మం ముందే ఆటో ఆపి గంటసేపు అరిచాను. "బాబాయిగారూ, పిల్లలు జడుసుకుంటున్నారండి, ఇక ఆపండి" అంది. సౌండు పెంచాను. మూడు గంటలకల్లా వెళ్ళి నామినేషన్ వెనక్కి తీసుకుంది. ఛీ, ఏం బతుకు నాది! నోరు మంచిదైతే ఊరు మంచిదనేది మా అమ్మ. మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి, ఆమె మళ్ళీ నిలబడతానంటోంది. నా మైకుసెట్టు, నాలుగు హారన్లు, ఆటో ఆమెకు చెందవలెను.

4. దీన్ని అమలు జరపవలసినవాడు నా బావమరిది ఉదయభాస్కర్. నా పెద్దకర్మ రోజున పై రెండో, మూడో క్లాజులు అతనే మైకులో చదవవలెను. బుల్లిరాజుగారు వచ్చారని గొంతు తగ్గించకు బావా.

సాక్షి సంతకానికి ఊళ్ళో పదకొండు మందికి కబురంపాను. "మీకేం భీమరాజుగారూ, మీరు పోతారు, మేం ఇక్కడే ఉండాలి కదండీ" అన్నారు. నాకు ఇంజక్షన్లు చేసే నర్సు హెలెన్ ఒక్కర్తే ఒప్పుకుంది. రెండో సాక్షి లేకపోతే ఈ కాగితం చెల్లదు. సంగతి తెలిసి సత్యకుమారే వచ్చింది. సాక్షిగా సంతకం పెడితే నీకు రాసింది నీకు దక్కదట తల్లీ, ప్లీడరుగారు చెప్పారన్నాను. "ఆ మైకు నాకెందుకండి. ఆ రోజేం జరిగిందో కాగితం మీద ఉండాలి" అని పెన్ను అడిగింది.

రేవుపాలెం, 18 నవంబరు 2025.

(సంతకం) కొప్పిశెట్టి భీమరాజు

సాక్షులు:
1. హెలెన్, స్టాఫ్ నర్సు, సామర్లకోట
2. మల్లాడి సత్యకుమారి, రేవుపాలెం