నిన్ను వెతుక్కుంటూ వచ్చిన ఒడియా జంట

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గోపాల్‌పేట ఇటుక బట్టీకి కొత్తగా వచ్చిన ఒడియా జంట ఈ పొద్దున మనింటికి వచ్చింది. ఆలుమగలు కొట్లాడుకుంటే నువ్వు కూర్చోబెట్టి కలుపుతావని రెండేళ్ల కిందట ఇక్కడ పనిచేసి వెళ్లిన వాళ్ల ఊరి కూలీలు చెప్పారట. నువ్వు లేవని తెలియగానే ఆ పిల్ల మూట తీసుకుని బస్టాండుకు నడిచింది. వెనకే పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"జర ఆగు బిడ్డా, గిట్ల పోతే ఎట్ల?"

వాళ్ల భాష నీకొచ్చినట్టు నాకు రాదు. నా మాట ఆమెకు అర్థం కాలేదు. ఏడుస్తూనే బస్సెక్కింది.

అతను ఇంకా మన అరుగు మీదే కూర్చున్నాడు. అన్నం పెడితే ముట్టలేదు.

"అక్క ఉంటే ఆపుతుండెనా?" అని వచ్చీరాని తెలుగులో అడుగుతున్నాడు.

ఆపేదానివే. ఆ మాట అతనితో ఎలా అనను?