గంగపూజ చేసిన బోరు

నారాయణఖేడ్ తాలూకా,
మే 1984.

చిరంజీవి తమ్ముడు సంగమేశ్వర్‌కు అక్క ఇంద్రమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ నువ్వు, మరదలు, పాప సుఖంగా ఉన్నారని తలుస్తాను. మీరు బాగుండాలనే మాట మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. తక్కినదంతా చదివాక నీకు అనుమానం రావచ్చు, అందుకే ముందే చెబుతున్నాను.

నీ ఉత్తరం అందింది. బర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది, ఆడదూడ. జున్ను వండిననాడు మీ బావ నిన్నే తలుచుకున్నాడు. ఆయన మోకాలి నొప్పి అలాగే ఉంది. ఖేడ్ దవాఖానలో ఇచ్చిన మాత్రలు చూరులో దాచిపెట్టి మింగానంటాడు. మా ఇంట్లో అబద్ధాలకు కొదవేమీ లేదులే. పాపకు చెవులు కుట్టించడానికి ఎప్పుడు రమ్మంటావని అడిగావు. దానికి మాత్రం ఇప్పుడు జవాబు రాయలేను.

మన బావి ఎండిపోయింది. వేసవిలో నీళ్లు తగ్గడం ఏటా ఉన్నదే కానీ, బొక్కెన బండకు తగిలి ఖంగుమనడం నేను కాపురానికి వచ్చాక ఇదే మొదలు. మన చేన్లో వేసిన బోరుకు మీ కంపెనీవాళ్లు మోటరు దించి రాత్రింబవళ్లు నడిపి చూశారు. నీళ్లన్నీ వాగులోకి వదిలారు. వాళ్లు మోటరు పైకి తీసేనాటికి మన బావి, పక్క చేన్లో జైనాబీ బావి రెండూ అడుగంటాయి. ఆమె ఉల్లిమడి నిలువునా ఎండింది.

ఆ బోరు వేసే మిషను మీద మా ఊరికి వచ్చింది నువ్వు. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని ఈ ఊరికి తెచ్చాను. నిన్ను ఎరగని గడప ఇక్కడ లేదు. "అక్కా, ఊరికి తాగునీళ్ల స్కీమొచ్చింది. మన చేన్లనే జాగ చూపియ్యి, మనకే పేరొస్తది" అన్నావు. నా పళ్లెంలో అన్నం తింటూ అన్నావు. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. పైపులు పోవడానికి జైనాబీ తన చేను గట్టు వదిలింది.

నీళ్లు పడ్డనాడు నువ్వే తొందరపెట్టావు. "పూజ నువ్వే చెయ్యక్కా. ఊరోళ్లందర్ని పిలువు" అన్నావు. మన దిక్కు పద్ధతి నీకు తెలియనిది కాదు. ఒక ఇంటివాళ్లు గంగపూజ చేస్తే నీళ్లు ఆ ఇంటివి, ఊరంతా కలిసి చేస్తే ఊరివి. ఆ తర్వాత ఎవరూ కాగితం అడగరు. పసుపు కుంకుమలు, పచ్చ రవికెగుడ్డ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి బిందె నీళ్లు నీ కాళ్ల మీద పోశాం. ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కరం అడగలేదు. మేం అడగబోమని నీకు తెలుసు. అందుకే పూజ చేయించావు. నాకు కడుపు మండేది అక్కడే తమ్ముడూ.

నల్లా వస్తుందని, దాని కింద బిందెలు పెట్టుకోవడానికి మన వాడకట్టు వాళ్లు రాళ్లు మోసి గద్దె కట్టుకున్నారు. పైపుల కాలువ తవ్వుతూ వచ్చినవాళ్లు ఆ గద్దెను దాటి, ఊరు దాటి, పట్నం రోడ్డెక్కారు. మీ బావ కుంటుకుంటూ పోయి అడ్డం నిలబడితే మేస్త్రీ నవ్వాడట. "గీ నీళ్లు పట్నానికి పోతయి పెద్దమనిషీ. మీ సంగమేశ్వర్ చెప్పలేదా? ఆయనకు మొదటి నుంచి ఎరికే గద!"

ఆ మాట విని జైనాబీ మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి రాలేదు. "సర్కారోళ్లని ఇయ్యలే ఇంద్రమ్మా, నీ తమ్ముడని ఇచ్చిన. ఇగ పొద్దుగాల బిందె పట్టుకొని యాడికి పోవాలె?" అంది. తిట్టి ఉంటే పడేదాన్ని. తిట్టకుండా పోయింది.

అందరం కలిసి ఖేడ్ పోయి నీళ్ల స్కీము ఆఫీసు ముందు కూర్చున్నాం. "చుట్టుపక్కల బోర్లన్నీ అంతంతమాత్రమే. మీ చేన్లో బోరును నమ్ముకునే ఈ లైను వేస్తున్నాం, ఆపలేం" అన్నారు. నువ్వేమో "పైవాళ్ల ఆర్డరు, నేనేం చేయగలను" అని రాశావు. ఆర్డరు వాళ్లదే. మాకు చెప్పిన మాట నీది.

ఇక నీ ఉత్తరం చివర అడిగిన సంగతి. బోరులో రాళ్లు వేసిందెవరో పేరు రాయమన్నావు. జైనాబీ కొడుకుల మీద మీవాళ్లకు అనుమానమని, పోలీసులు వస్తారని రాశావు.

నేనే వేశాను. పట్టపగలే. కాపలావాడు అన్నానికి పోయినప్పుడు మూత విప్పి, చెంపలు వేసుకున్నాను. గంగలో రాయి వేయడం పాపమని నాకు తెలుసు. మొదటి రాయి నీళ్లలో పడిన చప్పుడు విని బోరు పక్కనే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే తక్కినవి వేశాను. ఆఖరికి మీ బావ గడ్డపార కూడా వదిలాను. ఇక దాంట్లో మోటరు దిగదు. ఆ నీళ్లు పట్నానికీ లేవు, నా చేనుకూ లేవు.

మీ బావకు చెప్పాను. ఆయన గడ్డపార పోయిందని మాత్రం అన్నాడు. ఊరికి రేపు చెబుతాను. నువ్వు ఈ ఉత్తరం మీవాళ్లకు చూపించు. బోరు పాడుచేసింది మా అక్కే అని చెప్పు. నీ నౌకరీ పోతుందేమో. పోతే నాకు బాధే, పాప ముఖం కళ్లలో మెదులుతున్నది. అయినా నన్ను కాపాడాలని ఎవరో తెలియదని మాత్రం అనకు. నువ్వు ఆడే ఆ అబద్ధం జైనాబీ కొడుకుల మెడకు చుట్టుకుంటుంది. నీ అబద్ధాన్ని ఊరికి నా నోటితో చెప్పించావు. ఈ నిజమైనా నీ నోటితో చెప్పు.

ఇట్లు,
నిన్ను పెంచిన అక్క
ఇంద్రమ్మ