బోరు నీళ్లు తెల్లబడ్డ రోజు

సుజాతా,

ఎట్లున్నావని అడగబోయి ఆగాను... అయినా అడుగుతున్నాను. నువ్వు కన్నుమూసి ఏడాది దాటింది. మేం బాగానే ఉన్నాం. మగ్గం మీద ఇప్పుడు ఆకుపచ్చ చీర నడుస్తోంది, నీకు నచ్చే రంగే.

అసలు సంగతి అది కాదు. నువ్వు ఇంటర్ పిల్లలకు చెప్పే కెమిస్ట్రీ ట్యూషన్ మళ్లీ మొదలైంది. మన శ్రావణే మొదలుపెట్టింది.

నువ్వు పోయాక అది అమ్మ అన్న మాటే ఎత్తలేదు. గద్వాల నుంచి వనపర్తి దాకా బస్సులో పోయి నీ కెమిస్ట్రీయే చదువుతోంది, కానీ నీ గురించి ఒక్క మాట లేదు. నేను ఎత్తితే లేచి వెళ్లిపోయేది. ఇట్లాగే నిన్ను మరిచిపోతుందా అని లోలోపల కుమిలిపోయాను. ఎవరికి చెప్పుకోను?

పోయిన ఆదివారం వీధి పిల్లలు ముందు గదిలో కూర్చున్నారు. నేను లోపల మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాను, గుమ్మంలోంచి బోర్డు కనిపిస్తోంది. అవక్షేపాల పాఠం. ఉప్పు కలపని నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఏమీ కాదు, ఉప్పునీళ్లలో వేస్తే తెల్లటిది అడుగుకు దిగుతుంది, చూడండి అంది శ్రావణి. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని గాజు గొట్టంలో మన బోరు నీళ్లే పట్టింది. ఇంకేముంది... చుక్క పడగానే ఆ నీళ్లే తెల్లబడ్డాయి. పిల్లలు ఒకటే నవ్వు.

నా చేతిలో పోగు నడిపే నాడె ఆగిపోయింది. ఇక లేచి వెళ్లిపోతుంది, ట్యూషన్ ఇక్కడితో సరి అనుకున్నాను.

వెళ్లలేదు సుజాతా. గొట్టం ఎత్తి వెలుతురులో చూసింది. కార్బొనేట్ అయితే దీంతో కరిగిపోతుందంటూ నైట్రిక్ ఆమ్లం చుక్క వేసింది, తెలుపు పోలేదు. అయితే మన నీళ్లలోనూ క్లోరైడ్ ఉందంది. ముందు ఉప్పునీళ్ల సమీకరణాన్ని బోర్డు మీద అయాన్లుగా విడగొట్టి రాసింది. సోడియం బాణానికి అటూ ఇటూ ఒకేలా ఉంది, నైట్రేటూ అంతే. రెండింటినీ కొట్టేసింది. మిగిలింది ఇది:

Ag⁺ + Cl⁻ → AgCl↓

బోర్డు చూసి దించుకున్నాను, తప్పుంటే నవ్వకు.

మరి బోరు నీళ్లలో క్లోరైడ్‌కు జతగా ఏముందో తెలియదు కదా, ఎలా రాస్తాం అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్నే కదూ? జత ఏదైనా మారకుండా అట్లాగే ఉంటుంది, దాన్నీ కొట్టేస్తాం, రెండు గొట్టాలకూ ఈ ఒక్క వరుసే అంది. నాకే అర్థమైంది, ఇక పిల్లలకు కాదా!

ఆ తర్వాత నీ మాట చెప్పింది. నువ్వు ఎప్పుడూ అనేదే... "ఎవరు మారిన్రో వాళ్ల పేరే రాయుండ్రి. ఉత్తగ నిలబడి చూసెటోళ్లను కొట్టేయుండ్రి." పెళ్లిళ్లలో మన చుట్టాలను చూసి కూడా ఇదే అనేదానివి, గుర్తుందా?

ఇది మా అమ్మ మాట, రాసుకోండి అంది. అమ్మ అంది సుజాతా... అంతమంది ముందు. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. గుంటలో కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, గర్వంతో. నా బిడ్డ అని కాదు, నీ బిడ్డ అని.

సాయంత్రం అన్నం తింటూ, అమ్మ చదువుకునేటప్పుడు ఎట్లుండేదని తనే అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను, ఇంకా అయిపోలేదు. రోజూ కొంత చెబుతాను. ఏదీ దాచను... నువ్వు నన్ను తిట్టినవి కూడా.

నీ
నరసింహులు