నాకేం నొప్పి అన్న మాట

మంగళారం, రాత్రి అన్నం తిన్నంక

పొద్దున దవాఖానా నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. మూడు నెలల కింద నా లివర్‌ల గడ్డను కడుపుకు చిన్న తూట్లు పెట్టి తీసిండ్రు. గట్ల చేయించుకున్నోళ్లు ఎట్లున్నరో అందరినీ అడిగి రాసుకుంటున్నరట.

"తాతా, నొప్పి ఉందా? పని చేస్తున్నవా?"

"నాకేం నొప్పి! మిర్చి బస్తా ఎత్తుత."

"బాగున్నడు" అని రాసుకొని పెట్టేసింది.

బియ్యం ఏరుతున్న మా ఆమె "ఏందయ్యా గట్ల చెప్తవ్? నిన్న బిందె ఎత్తలేక కూలవడ్డవు గదా" అన్నది. నోర్మూయమన్న.

అయినా గిదేం పద్ధతి? మార్కెట్ల మిర్చి కొనేటోడు సుత బస్తా నడుమ చెయ్యి పెట్టి కాయ తీసి చూస్తడు. వీళ్లు ఫోన్ల అడిగి, చెప్పిందే రాసుకుంటరా?

సాయంత్రం బామ్మర్ది వచ్చిండు. వానికి గూడ గసొంటి గడ్డే, వచ్చే వారం ఆపరేషన్. "బావా, నీ అసొంటోళ్లు చెప్పింది చూసి, నెలకే చేన్ల దిగొచ్చని డాక్టర్ అన్నడు. కూలోళ్లను వద్దన్న, మిర్చి నాట్లు నేనే వేసుకుంట" అన్నడు. నేను చాయ్ తాగుమన్న.

రేపు జల్దీ లేచి వానికి నిజం చెప్పాలె. నర్సమ్మతోని రాసింది కొట్టేపియ్యాలె. వాడు నవ్వుతడు. నవ్వనీ, గానీ బస్తా ఎత్తుత అన్న ఈ నోటితోని బిందె ఎత్తలేనని ఎట్ల చెప్పుడు...