రవికెలో పెట్టుకునే ఫోను గురించి

చేతిఫోన్ల భద్రతా విభాగం అధికారి గారికి,
ఆపియా, సమోవా.

అయ్యా,

విషయం: ఒంటికి ఆనించి పెట్టుకునే ఫోను వల్ల హాని ఉన్నదీ లేనిదీ రాతపూర్వకంగా తెలుపవలసినదిగా విన్నపం, పరీక్ష నిమిత్తం ఫోను జత.

సవాయీ దీవి నుంచి పెనియామినా ఫౌలాలో అనే నేను విన్నవించుకుంటున్నాను. వ్యవసాయ కళాశాలలో చదివాను. చేమ సాగు చేస్తాను.

1. నా భార్య లంగీమైనా కిందటి వానల్లో రొమ్ము క్యాన్సరుతో మరణించింది. ఎడమ వైపు. పగలంతా ఆమె ఫోను ఉండేది అక్కడే, రవికె లోపల. మా ఆడవాళ్ల పులెతాసి దుస్తులకు జేబులుండవు. చాపలు అల్లేవారికి రెండు చేతులూ ఖాళీ ఉండవు.

2. ఫోను వల్లనే పోయిందని నేను ఆరోపించడం లేదు. అలాంటి రుజువు లేదని ఆసుపత్రి వైద్యురాలు అన్నారు. అయితే ఫోను పెట్టెలోని చిన్న పుస్తకంలో, దాన్ని ఒంటికి కొద్ది ఎడంగా ఉంచుకోవాలని ఇంగ్లీషులో ఉంది. చీమ తలకాయలంత అక్షరాలు. ఈ రెండింటిలో నేను ఏది పట్టుకోవాలో తమరు చెప్పవలెను.

3. నా కూతురు ఫెటుఆవో కూడా ఫోను అక్కడే పెట్టుకుంటుంది. వద్దన్నాను.

"మరెక్కడ పెట్టుకోను నాన్నా? చెవి మీది పువ్వు తీసేసి ఇది పెట్టుకోనా?"

ఆమె బట్టలకు జేబులు కుట్టాను. వాఇయోలా అనే మా వదిన అది చూసింది. "పెళ్లాం పోతే మగాడు తాగుతాడు మరిదీ, నువ్వేంటి, సూది పట్టావు!" అంది. ఫెటుఆవో ఆ జేబులో పిప్పరమెంట్లు పోసుకొని చర్చికి వెళ్లింది. ఫోను మాత్రం యథాస్థానంలోనే ఉంది. ఇంకోసారి చెప్పబోతే, "ఆఫీసోళ్లు కాగితం మీద రాసిస్తే మానేస్తాలే. అందాకా నన్ను సతాయించకు," అంది. ఆ కాగితం కోసమే ఈ అర్జీ.

4. తమ కార్యాలయానికి ఇదివరకే ఫోన్ చేశాను. మృతురాలి ఫోను దాఖలు చేయాలని అక్కడి అమ్మాయి చెప్పింది.

"అది సమాధిలో ఉందమ్మా."

"సరేనండీ. ఎప్పటికి తేగలరు?"

శవపేటిక మూసే ముందు మా వదిన దాన్ని ఆమె రవికెలో పెట్టింది. "కబుర్లు లేకపోతే అక్కడ దీనికి తోచి చావదు," అని తనే నవ్వి, తనే ఏడ్చింది. సమాధి మా ఇంటి ముందే ఉంది. పార కూడా ఇంట్లోనే ఉంది. అయినా తవ్వడం నా వల్ల కాదు. తవ్వినా, ఆ చోట చెయ్యి పెట్టలేను.

5. కావున అదే రకానికి చెందిన నా కూతురి ఫోనును జతపరుస్తున్నాను. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తీశాను. చెప్పలేదు. దయచేసి బల్ల మీద పెట్టి కాక, ఒంటికి ఆనించినట్టు పెట్టి పరీక్షించండి. హాని ఉంటే ఉందని రాయండి. లేకుంటే లేదని రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి. అప్పుడు మాత్రం, తెలిసేదాకా ఎడంగా ఉంచుకోమని ఇంకొక్క వాక్యం చేర్చండి. మా సమోవా భాషలో, పెద్ద అక్షరాలతో, ముద్ర వేసి. ఇంట్లో ఇక మిగిలింది మేమిద్దరమే.

తొందరపెడుతున్నందుకు మన్నించి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెనియామినా ఫౌలాలో

తా.క.: ఫోను ఆపి పంపలేదు. మోగుతుంది. పక్కింటివాళ్ల ఫోను నుంచి నా కూతురే చేస్తుంది. తమరిని దొంగ అనుకొని తిడుతుంది. తిట్టడంలో తల్లిని మించింది. దయచేసి ఎత్తండి. తిట్లు అయిపోయాక, "అక్కడ పెట్టుకోకు తల్లీ," అని ఒక్క మాట చెప్పండి. నేను చెప్పబోతూ ఇంటి ముందున్న సమాధి వైపు చూస్తున్నాను. అది చూసి తను వెంటనే, "అన్నం తిన్నావా నాన్నా?" అని మాట మార్చేస్తోంది.