కానుగ చెట్టు కింది మొక్కలు

మదనపల్లె,
మే నెల.

చి. ల. సౌ. మేఘనకు నాన్న ఆశీస్సులు. నాకు ఒంట్లో బాగానే ఉంది. కుప్పంలో నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ మెసేజ్‌లో అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంట ఒకపూటే. మోకాలు మామూలే.

కొత్త ఇంటికి ఉత్తరం వైపు ఎండ పడదనీ, అక్కడ అమ్మ మొక్కల పిలకలు నాటుకుంటాననీ, ఆదివారం వస్తాననీ రాశావు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేను.

మార్చిలో అమ్మ మాసికానికి నువ్వు రాలేకపోయావు. అంతకుముందు మూడు నెలలూ కాకి ముద్ద ముట్టలేదని నీకు తెలుసు. మీ మామ గంగులప్ప ముందురోజే సదుం నుంచి వచ్చి పెరట్లో కానుగ కింద నిలబడ్డాడు.

"ఇంత గుబురుంటే కాకికి ఆకులో ముద్ద యాడ కనపడతాది బావా? కొమ్మలు కొట్టించు."

"కింద మీ అక్క మొక్కలున్నాయి. నీడ పోతే మాడిపోతాయి" అన్నాను.

"మా అక్క ఆకలితో తిరుగుతాండాది. ఆయమ్మ కంటే మొక్కలెక్కువనా నీకు?"

ఆ సాయంత్రమే కొట్టించాడు. మర్నాడు కాకి వచ్చింది, తిన్నది. గంగులప్ప ఏడ్చాడు. నాకూ మనసు కుదుటపడింది.

తర్వాత ఎండలు ముదిరాయి. గ్రీన్ నెట్ కట్టాను, గాలికి చిరిగింది. ఫెర్న్ ఆకులు ముట్టుకుంటే పొడి అయ్యాయి. బిగోనియాలు వాలిపోయాయి. భయపడి రెండు పూటలా నీళ్లు పోశాను. క్యాలేడియం దుంపలు తవ్వి చూస్తే కుళ్లిపోయి ఉన్నాయి. మొక్కలెలా ఉన్నాయని నువ్వు అడిగినప్పుడల్లా ఉన్నాయన్నాను.

ఎప్పుడో మీ అమ్మ పుంగనూరులో యశోదమ్మ పిన్నికి కొన్ని పిలకలు ఇచ్చింది. వెళ్లి అడిగాను.

"మొక్కల కోసమా? నువ్వా బావా? ఈ పొద్దు వాన పడతాదిలే" అని నవ్వింది. నా మొహం చూసి ఆపింది. "మెట్లు కట్టేటప్పుడు పీకేసినారు బావా. ముందే అడగకూడదా?"

ఇంకెవరికీ ఇచ్చినట్లు లేదు.

నీ దగ్గర ఇంకో సంగతి కూడా దాచాను. తిరిగివస్తూ నర్సరీలో అవే రకాలు కొన్నాను. అమ్మవే అని చెప్పి ఆదివారం నీ చేతిలో పెడదామనుకున్నాను. నువ్వు నమ్మేదానివి. అమ్మ పేరు చెప్పి రోజూ వాటికి నీళ్లు పోసేదానివి. అది తలచుకుంటే చేతకాలేదు.

కుండీలు వరండాలో నీడన ఉన్నాయి. బాగానే చిగురిస్తున్నాయి. నాకు వాటిని చూడబుద్ధి కావడం లేదు. నీకు కావాలంటే తీసుకెళ్లు.

ఇట్లు,
మీ నాన్న.